ముత్తాతగారి ఊరు ఏ జిల్లా?

పిల్లలూ! ఈ నెల ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. మీకు అమ్మానాన్నలు ఇద్దరు. వారిని కన్నవారు నలుగురు. ఆ నలుగురినీ కన్నవారు ఎనిమిదిమంది. ఒక కాగితం తీసుకుని ఆ ఎనిమిదిమంది పేర్లూ వ్రాయండి, చూద్దాం.

మూడో నాలుగో పేర్లు వ్రాసేసరికి కలం ఆగిపోయింది, అవునా? నాన్నగారిని అడగండి. ఆయన కూడా తల గోక్కుంటే నవ్వకండి. తండ్రివైపు మగవారి పేర్లు కొంతవరకు నిలుస్తాయి. అమ్మమ్మను కన్న తల్లి పేరే అందరికన్న ముందు మరుగున పడుతుంది.

రాజులు శాసనాలు వేయించుకున్నారు. మన ముత్తాతలకు శాసనాలు లేవుగాని, కాగితాలున్నాయి. అయితే వాటిని వంశవృక్షం కోసమని ఎవరూ వ్రాయలేదు. శిస్తు వసూలుకు ఒకటి, అప్పు రాబట్టుకోవడానికి ఒకటి, అన్నదమ్ములు వేరుపడడానికి ఒకటి వ్రాశారు. మీ ఇంట్లో పెట్టె అడుగున పాత భాగపత్రంగాని, క్రయపత్రంగాని ఉంటే పెద్దవాళ్ళచేత తీయించి చదివించుకోండి. ఆరంభంలోనే "ఫలానా గ్రామ కాపురస్థుడు, ఫలానావారి కుమారుడు" అని ఉంటుంది. ఒక్క వాక్యంలో రెండు తరాలు! కింద చెక్కుబందిలో తూర్పున ఎవరి పొలం, పడమట ఎవరి పొలం అన్నది ఉంటుంది. చాలామంది దీన్ని చదవకుండా వదిలేస్తారు. వదలకూడదు. భాగాలు పంచుకున్నవాళ్ళ పొలాలు పక్కపక్కనే ఉంటాయిగదా! ఆ పక్క పొలంవారు మీ ముత్తాతగారి తమ్ములే కావచ్చు.

ఇందులో ఒక చిక్కు ఉంది. మనలో తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. రామయ్య కొడుకు వెంకటప్ప, వెంకటప్ప కొడుకు మళ్ళీ రామయ్య. పత్రంలో "వెంకటప్ప" కనిపించగానే సంతోషించి పరుగెత్తకండి. తారీఖు చూసి, తరానికి పాతికేళ్ళ చొప్పున లెక్క కట్టి, ఏ వెంకటప్పో తేల్చుకోండి.

బడి రిజిస్టరు కూడా మంచి సాధనమే. కాని పూర్వం పుట్టిన తేదీ తెలియని పిల్లలకు పంతుళ్ళే వయసుకు సరిపోయే తేదీ ఒకటి వేసేవారు. జూలై 1న పుట్టినవాళ్ళు మన దేశంలో అంతమంది ఎందుకున్నారో ఇప్పుడు తెలిసిందిగదా! ఇక జనాభా లెక్కలు. ఇంగ్లండులో నూరేళ్ళు గడిచాక ఇంటింటి కాగితాలూ బయటపెడతారు. 1921 నాటివి 2022లో వచ్చాయి. మనకు ఆ వసతి లేదు. మన లెక్కల్లో ఊరికి ఎంతమంది అన్నది దొరుకుతుందిగాని, వాళ్ళెవరన్నది దొరకదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మదనపల్లెవారి పాత కాగితాలు ఏ జిల్లా దస్త్రాల్లో వెతకాలి? చిత్తూరు అంటారు మీ నాన్నగారు. అన్నమయ్య అంటారు మీరు, 2022లో మదనపల్లె ఆ జిల్లాలో చేరిందిగనుక. మీ ముత్తాతగారిని అడిగితే కడప అనేవారు! చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలోవి. పుంగనూరు జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. కుప్పం ఉన్న కంగుంది జమీందారీ కూడా అంతే. ఊరు కదలలేదు, ఎల్లలు కదిలాయి.

ఈ చిన్న విషయం తెలియకపోతే ఎంత దూరం దారితప్పవచ్చునో చెబుతాను, వినండి. 1860 అక్టోబరులో మద్రాసు రేవునుంచి ట్రూరో అనే ఓడ బయలుదేరి, నవంబరు 16న ఆఫ్రికా దక్షిణాన ఉన్న నేటాలుకు చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అయిదేళ్ళు చెరకుతోటల్లో పనిచేస్తామని ఒప్పందం వ్రాసి వెళ్ళినవాళ్ళు. 1911లో ఈ పద్ధతి ఆగేలోపల లక్షా 52 వేలమంది అలా వెళ్ళారు. ఎక్కువమంది ఎక్కింది మద్రాసులోనే. వాళ్ళలో తమిళులతోపాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు.

ఓడ ఎక్కే ప్రతివారికీ ఒక నంబరు. పట్టికలో ఆ నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీద పుట్టుమచ్చలు, ఎత్తు వ్రాసేవారు. మనిషి తప్పిపోతే పట్టుకోవడానికి వ్రాసుకున్నవి అవి. మునిమనవడికి పనికివస్తాయని ఆ గుమాస్తా కలగనలేదు! ఇంకొకటి గమనించండి. మన భూమి పత్రాల్లో ఆడవారి పేర్లు అరుదు. ఈ పట్టికల్లో ఆడవారికీ సొంత నంబరు, సొంత పంక్తి ఉన్నాయి. ఇంట్లో మరిచిపోయిన ముత్తవ్వ పేరు అక్కడ దొరికినా దొరకవచ్చు.

పట్టికలో లేనిది ఇంటిపేరు. తండ్రి పేరుతో సరిపెట్టారు. పేర్లుకూడా గుమాస్తాకు వినిపించినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో పడ్డాయి. అక్కడ "నాయుడు" అనే మాట వ్రాతలో కొత్త వేషం వేసుకుని, కుటుంబం పేరుగా స్థిరపడిపోయింది. దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషను కాపాడుకోవడానికి పాటుపడ్డారు. ఆ ఓడల పట్టికలు నేటికీ డర్బనులో భద్రంగా ఉన్నాయి.

ఆ దేశంలో మీ ఈడు అబ్బాయి ఒకడు తన ముత్తాత పంక్తి తీశాడనుకోండి. "ఉత్తర ఆర్కాటు, పుంగనూరు" అని ఉంది. ఆర్కాటు పేరు పట్టుకుని తిన్నగా వేలూరు వెళ్ళి తమిళనాడు దస్త్రాలు తిరగేస్తే ఏం లాభం? అతని బంధువులు ఇక్కడ మీ వీధిలో ఉండవచ్చు. 1911కు ముందు కాగితాల్లో "చిత్తూరు జిల్లా" ఉండదు; అక్కడ చిత్తూరు ఒక తాలూకా మాత్రమే. మీ ఇంట్లో అవ్వనో, జేజినో అడిగి చూడండి: "మనవాళ్ళలో ఎవరైనా సముద్రం దాటి పోయి తిరిగిరాలేదా?" అని.

తేదీలు చదవడంకూడా నేర్చుకోవాలి. జిడ్డు కృష్ణమూర్తిగారు 1895లో మదనపల్లెలోనే పుట్టారు. కొన్ని పుస్తకాల్లో మే 11 అనీ, కొన్నింటిలో మే 12 అనీ ఉంటుంది. ఏది తప్పు? ఏదీ కాదు! జాతకం ప్రకారం పుట్టింది అర్ధరాత్రి దాటిన అరగంటకు. ఇంగ్లీషు లెక్కలో అప్పటికే 12 వచ్చేసింది. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతోగాని మారదు, కనుక అది ఇంకా 11. అది మన్మథ నామ సంవత్సరం. మన్మథ మళ్ళీ 1955లో వచ్చింది, 2015లో వచ్చింది. అరవై యేళ్ళకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. జాతకంలో సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే తాతదో, ముత్తాతదో చెప్పలేం. ఇంకో ఆధారం కావాలి.

2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో నిప్పంటుకుని ఎన్నో దస్త్రాలు కాలిపోయాయి. కాబట్టి పెద్దవాళ్ళ సాయంతో మీ ఇంటి పత్రాలకు ఫోటోలు తీసి, ఒకటి మీ దగ్గర, ఒకటి పెదనాన్నగారి ఇంట్లో ఉంచండి. చిరిగినచోట జిగురు టేపు మాత్రం అంటించకండి. అది కొన్నేళ్ళకు పసుపుపచ్చబడి అక్షరాలను తినేస్తుంది.

ఇక ఈ నెల ప్రశ్న. ఒక పత్రంమీద "విరోధి నామ సంవత్సరం" అని మాత్రమే ఉంది. స్టాంపు కాగితంమీద విక్టోరియా రాణి బొమ్మ ఉంది. విరోధి 2009లో వచ్చింది. పత్రం ఏ సంవత్సరానిది? అప్పుడు మదనపల్లె ఏ జిల్లాలో ఉంది? జవాబులు వచ్చే నెల.