అశోక్‌నగర్ ఏ లెక్కలోకి వస్తుంది?

తెలంగాణలో ఉన్నత విద్యలో స్థూల నమోదు నిష్పత్తి 40 శాతమని 2021-22 అఖిల భారత ఉన్నత విద్య సర్వే (ఏఐఎస్‌హెచ్ఈ) చెప్పింది. దేశ సగటు 28.4 శాతమే. 2030 నాటికి అందరికీ నాణ్యమైన విద్య అందాలన్న ఐక్యరాజ్యసమితి నాలుగో సుస్థిరాభివృద్ధి లక్ష్యాన్ని ఈ అంకెతో కొలిస్తే మనకు వంక పెట్టడానికేమీ ఉండదు. కాకపోతే ఇది కాలేజీలో చేరినవాళ్ల లెక్క. చదువు ముగించినవాళ్లు ఆ తర్వాత ఏమయ్యారో ఇది చెప్పదు. వాళ్లలో చాలామంది ఎక్కడున్నారో హైదరాబాద్ నగరంలో ఎవరిని అడిగినా చెబుతారు: చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, అశోక్‌నగర్ హాస్టళ్లలో, నారాయణగూడ చుట్టుపక్కల స్టడీ హాళ్లలో. బీటెక్, పీజీ పట్టాలున్నవాళ్లు ప్రభుత్వోద్యోగాల పోటీ పరీక్షల కోసం ఆరో తరగతి సాంఘికశాస్త్రం నుంచి తెలుగు అకాడమీ పుస్తకాల దాకా మళ్లీ మొదటినుంచి తిరగేస్తుంటారు. పక్కనే స్పైరల్ బైండింగ్ చేయించిన జిరాక్స్ నోట్సు ఉంటుంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం కట్టే గ్రంథాలయ సెస్సుతో నడిచే చోట ఇంత చదువు సాగుతుంటే, విద్యాప్రగతి నివేదికల్లో మాత్రం దానికి గడి లేదు.

తప్పంతా మన అధికారులదే అనలేం. సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను కొలిచే అంతర్జాతీయ సూచికల్లోనే ఆ లోపం ఉంది. 4.3.1 సూచిక గత 12 నెలల్లో ఏదో ఒక చదువులోనో శిక్షణలోనో పాల్గొన్న యువతనూ పెద్దలనూ లెక్కిస్తుంది. 8.6.1 సూచిక చదువు, ఉద్యోగం, శిక్షణ మూడూ లేని 15-24 ఏళ్లవారిని లెక్కిస్తుంది. గ్రూప్స్ కోచింగ్‌కు ఫీజు కట్టిన అమ్మాయిని మొదటిదాంట్లో నేర్చుకుంటున్న మనిషిగా రాసుకోవచ్చు. బ్యాచ్ ముగిశాక ఆమె అదే పుస్తకాన్ని లైబ్రరీలో సొంతంగా చదువుకుంటే రెండోదాంట్లోకి జారిపోతుంది. రసీదు ఉంటే విద్యార్థి, లేకపోతే ఖాళీగా ఉన్న మనిషి! పాతికేళ్లు నిండితే ఆ రెండో లెక్కలోనూ ఉండదు. అశోక్‌నగర్‌లో పాతికేళ్లు దాటినవాళ్లకేం కొదవ? 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వస్తే దాదాపు 3.80 లక్షల మంది దరఖాస్తు చేశారు. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన ప్రిలిమ్స్‌ను హైకోర్టు రద్దు చేసింది. 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చి, 2024 జూన్‌లో మూడోసారి రాయాల్సి వచ్చింది. ఒకే మెట్టు మీద అన్నేళ్లు నిలబెట్టిన ఆ కాలం ఏ విద్యా సూచికలోనూ నష్టం కింద నమోదు కాలేదు.

ఇది ఉద్యోగాల కొరత, దీన్ని చదువుల ఖాతాలో రాస్తారెందుకని కొందరు అడుగుతారు. సగం నిజమే. 503 పోస్టులకు లక్షల మంది పోటీపడితే ఎంత గొప్ప విశ్వవిద్యాలయమైనా అందరినీ గట్టెక్కించలేదు. అయితే లక్ష్యం 4.4 మాటల్లోనే ఉద్యోగం ఉంది: ఉపాధికి, గౌరవప్రదమైన పనికి అవసరమైన నైపుణ్యాలున్న యువత సంఖ్య పెరగాలని. దాన్ని కొలవడానికి పెట్టుకున్న ప్రపంచ సూచిక మాత్రం కంప్యూటర్ నైపుణ్యాల దగ్గరే ఆగిపోయింది. ఈమెయిల్‌కు ఫైలు జతచేయడం వచ్చా, స్ప్రెడ్‌షీట్‌లో ఫార్ములా వేయడం వచ్చా అన్న తరహా ప్రశ్నలవి. చిక్కడపల్లి లైబ్రరీలో ఆ పరీక్ష పెడితే దాదాపు అందరూ పాసవుతారు. మన నివేదిక పచ్చగా ఉంటుంది, వాళ్లు మాత్రం అదే కుర్చీలో ఉంటారు.

అందుకే వీళ్లను లెక్కలోకి తెచ్చే సర్వే ఒకటి కావాలి. ఇంకో సర్వే అంటే మళ్లీ టీచర్ల నెత్తినే కదా అన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టేయలేం. 2024 నవంబరులో కులగణన కోసం వాళ్లనే ఇంటింటికీ తిప్పారు. కానీ ఇక్కడ ఇంటింటి గణన అక్కర్లేదు. పట్టా అందుకున్నవాళ్లలో కొందరిని నమూనాగా ఎంచుకుని కొన్నాళ్లకు పలకరిస్తే చాలు. బ్రిటన్‌లో చదువు పూర్తయిన 15 నెలల తర్వాత ఏం చేస్తున్నారని అడిగే సర్వే ఉంది. కోచింగ్ గురించి అడగడం మనకూ కొత్త కాదు. 2025లో కేంద్ర గణాంక శాఖ బడి పిల్లల సంగతి ఆరా తీస్తే 27 శాతం మంది ప్రైవేటు కోచింగ్‌కు వెళుతున్నారని తేలింది. అదే ప్రశ్నను డిగ్రీ దాటినవాళ్ల దాకా పొడిగించాలి. కోచింగ్‌లో ఉన్నారా, సొంతంగా చదువుతున్నారా, ఎన్నేళ్లుగా, ఎవరి డబ్బుతో అని అడగాలి. పేర్లు, ఆధార్ నంబర్లు ఇందుకు అవసరం లేదు.

అసలు చిక్కు ఖర్చు కాదు, ఫలితం. 2009లో విద్యార్థులకు పెట్టిన అంతర్జాతీయ పీసా పరీక్షలో తమిళనాడు, హిమాచల్‌ప్రదేశ్ దాదాపు అట్టడుగున నిలిచాక దేశం తర్వాతి విడతలకు దూరంగా ఉండిపోయింది. ఇక్కడా అదే జరగకూడదంటే సర్వేను విద్యాశాఖ చేతిలో పెట్టకూడదు. బేగంపేటలోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్) లాంటి పరిశోధన సంస్థకు అప్పగించాలి. అంకెలు ఎలా వచ్చినా ముడి డేటాతో సహా ఫలానా తేదీకి బయటపెట్టాలన్న షరతును మొదటి ఉత్తర్వులోనే రాయాలి.