కక్కలేక, మింగలేక: రెండు ఇంగ్లిష్ మాటల ముచ్చట



ఈసారి పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటది. ఓపిక చేసి చివరిదాకా చదవండి. విషయం రెండు ఇంగ్లిష్ మాటలు: స్వాలో, బ్లూ. "స్కాలర్‌షిప్పుల గురించో, హాస్టల్ మెస్ గురించో రాయకుండా ఇదేం ముచ్చట?" అని కొందరికి అనిపించొచ్చు. మాకూ మొదట అట్లనే అనిపించింది. మా రూంలో జరిగింది విన్నాక మీరే చెప్పండి.

మేం హైదరాబాద్ పాతబస్తీలో ఒక హాస్టల్‌లో ఉంటాం. రూంలో ఐదుగురం. ఇండ్లల్లో మాట్లాడేది గోండి, కోయ, లంబాడీ. బడిలో తెలుగు, బజార్లో దక్కనీ, కాలేజీలో ఇంగ్లిష్. ఐదుగురిలో ఎవరి ఇంట్లోనూ మాకంటే ముందు కాలేజీ మెట్లు ఎక్కినవాళ్ళు లేరు.

పోయిన చలికాలం మాలో ఒకడికి ఆయాసం మొదలైంది. క్లినిక్‌కు పోతే గుళికలు రాసిచ్చారు. అక్కడ జనం కిటకిట. వివరంగా చెప్పే తీరిక వాళ్ళకు లేదు, ఇంకోసారి అడిగే ధైర్యం మావాడికి లేదు. గుళికలు కొనుక్కున్నాడు. చీటీలో కింద రాసిన ప్లాస్టిక్ పరికరం ఏందో అర్థంగాక వదిలేశాడు. వారం రోజులు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి నీళ్ళతో మింగాడు. ఆయాసం తగ్గలేదు. ఒక రాత్రి పడుకోలేక గోడకు ఒరిగి కూర్చుంటే, మేం డబ్బా తిప్పి చూశాం. చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది: పీల్చడానికి మాత్రమే, మింగరాదు.

"ఇది సూడలేదార?" అంటే, "సూసిన. స్వాలో అంటే పిట్ట కదరా! బడిల సదివినం, రాజు విగ్రహం కతల ఉంటది. మందు పేరేమో అనుకున్న" అన్నాడు.

మాకు నవ్వొచ్చింది. వెంటనే భయమూ వేసింది. ఎందుకంటే వాడు చెప్పింది తప్పు కాదు. 1888లో ఆస్కార్ వైల్డ్ రాసిన 'ది హ్యాపీ ప్రిన్స్' కథలో స్వాలో పిట్టే. మా నోట్‌బుక్కుల్లో ఆ మాట పక్కన గీత గీసి "పిట్ట" అనే రాసుకున్నాం. రెండో అర్థం ఉంటదని ఎవరూ చెప్పలేదు, మేం అడగలేదు.

ఆ రాత్రే మందుల షాపుకు పోయాం. షాపు భాయ్ డబ్బా చూసి, "నిగల్నా నక్కో భాయ్, ఖీంచ్నా" అన్నాడు. మింగొద్దు, పీల్చాలి. పరికరంలో గుళిక పెట్టి, తిప్పి, పొడిని ఊపిరితో ఎట్లా లోపలికి లాగాలో చేసి చూపించాడు. ఆ గుళిక మింగితే మందు కడుపులోకి పోతది, చేరాల్సిన ఊపిరితిత్తులకు చేరదు. ఇంగ్లిష్ డబ్బా వారం రోజులు చెప్పలేనిది దక్కనీలో ఒక్క ముక్కతో అయిపోయింది.

తర్వాత ఆదివారం అందరం నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి పోయాం. అది 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన గ్రంథాలయం. పెద్ద డిక్షనరీ తెరిస్తే మాకు తెలియని సంగతి ఒకటి తెలిసింది. స్వాలో ఒక మాట కాదు, రెండు మాటలు. పిట్ట స్వాలోకూ మింగే స్వాలోకూ పుట్టుకలో చుట్టరికం లేదు. పాత ఇంగ్లిష్‌లో అవి వేరువేరుగా ఉండేవి. కాలంతో అరిగి అరిగి ఒకే రూపానికి వచ్చాయి. అందుకే డిక్షనరీ వాటికి రెండు వేర్వేరు పద్దులు ఇస్తుంది. ఒకే పేరున్న ఇద్దరు మనుషుల లెక్క.

బ్లూ సంగతి వేరు. అది ఒకటే మాట, కొమ్మలు చాలా. వాళ్ళకు దిగులుగా ఉన్నా బ్లూ. అనుకోకుండా ఏదైనా వస్తే "బ్లూలోంచి" వచ్చింది అంటారు. మబ్బులేని ఆకాశం నుంచి పిడుగు పడ్డట్టు అని. ఎప్పుడో గాని జరగనిది "బ్లూ మూన్"కు ఒకసారి. చంద్రుడు నీలంగా అవుతాడని కాదు, ఒకే నెలలో వచ్చే రెండో పౌర్ణమిని కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. పథకం గీసుకుంటే బ్లూప్రింట్. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతిలో నకళ్ళు నీలం కాగితం మీద తెల్ల గీతలుగా వచ్చేవి. నకళ్ళ పద్ధతి మారిపోయింది, మాట మిగిలింది.

ఈ బ్లూ మాలో ఇంకొకడిని దెబ్బ కొట్టింది. ఒక గ్రూప్ డిస్కషన్‌లో "బ్లూ కాలర్ ఉద్యోగాలు" అనే అంశం ఇచ్చారు. వాడు లేచి నీలం చొక్కా యూనిఫాం గురించి రెండు నిమిషాలు మాట్లాడాడు. అందరూ నవ్వారు. రెండు వారాలు వాడు క్లాసుకు పోలేదు. కాని మిత్రులారా, ఆ మాట పుట్టిందే చొక్కా నుంచి. మురికి కనబడకుండా కార్మికులు తొడుక్కునే ముదురు నీలం బట్టల నుంచే ఒంటి కష్టం చేసే ఉద్యోగాలకు ఆ పేరొచ్చింది. నవ్వినవాళ్ళకు అర్థం తెలుసు, మావాడు తెలియకుండానే పుట్టుక చెప్పాడు. ఆ రోజు ఇది మాకు తెలిసి ఉంటే వాణ్ని అట్లా తలవంచుకుని రానిచ్చేవాళ్ళం కాదు.

ఇంకో రెండు బ్లూలు మన గ్రూపుకు తప్పకుండా చెప్పాలి. గొప్ప వంశంవాళ్ళను "బ్లూ బ్లడ్" అంటారు. ఈ మాట స్పెయిన్ నుంచి వచ్చింది. అక్కడి పెద్దింటివాళ్ళ తెల్లటి చర్మం కింద నరాలు నీలంగా కనబడేవట. ఎండలో నల్లబడ్డ కూలివాడి నరాలు అట్లా కనబడవు కదా. అదే రంగు మాటతో అమెరికా దక్షిణ ప్రాంతపు నల్లజాతివాళ్ళ పాటలకు "బ్లూస్" అని పేరు. బానిసత్వం చూసినవాళ్ళ బిడ్డలు తమ దుఃఖాన్ని అందులో పాడుకున్నారు. పెత్తందారు రక్తమూ బ్లూనే, కూలివాడి కాలరూ బ్లూనే, నల్లవాళ్ళ దుఃఖమూ బ్లూనే. మన దగ్గరికి వస్తే నీలం అంబేడ్కర్ జెండా. ఒక్క రంగు మాట వెనక ఇంత మంది బతుకులు ఉంటే, దాని ఎదురుగా "నీలం" అని ఒక్క ముక్క రాసుకుని పేజీ తిప్పేశాం.

"ఇంగ్లిష్ తిక్క భాష, ఒక్క మాటకు పది అర్థాలు" అని మనవాళ్ళు అంటుంటారు. కాని మన మాటలు చూడండి. పచ్చగడ్డి అంటే ఆకుపచ్చ. పచ్చకామెర్లు అంటే పసుపు. పచ్చిమాంసం అంటే ఉడకనిది. పచ్చి నిజం, పచ్చి అబద్ధం, పచ్చి బాలింత. ఎవరూ మనకు పట్టిక ఇచ్చి నేర్పలేదు, ఎవరం తడబడం. మింగడం చూడండి. అన్నం మింగుతాం. కన్నీళ్ళు దిగమింగుతాం. భయంతో గుటకలు మింగుతాం. కాంట్రాక్టరు రోడ్డు డబ్బులు మింగుతాడు. నచ్చని మాట మింగుడు పడదు. ఇంగ్లిష్‌వాళ్ళు కూడా గర్వాన్ని మింగుతారు, అబద్ధాన్ని నమ్మినా మింగారనే అంటారు, నమ్మలేనిదాన్ని మింగడం కష్టమంటారు. ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి!

మేముండే ఈ పాతబస్తీలోనే రెండు మాటలూ ఒక్కచోట కనబడతాయి. చార్మినార్‌కు దగ్గరలో బాద్షాహీ ఆషుర్‌ఖానా ఉంది. కుతుబ్‌షాహీల కాలం నాటిది. గోడల నిండా నీలం, పసుపు, ఆకుపచ్చ పలకలతో చేసిన పని. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని మింగింది. వేల మంది పోయారు. ఆ నీళ్ళు ఆషుర్‌ఖానాలోకీ వచ్చి గోడల కింది భాగంలో పలకలను పాడుచేశాయి. "మూసీ మింగింది" అంటే నదికి నోరెక్కడిది అని మనలో ఎవరూ అడగరు. తెలుగులో ఇంత సులువుగా అర్థమయ్యేది ఇంగ్లిష్‌లో చూడగానే ఎందుకు బిగుసుకుపోతాం?

మా అభిప్రాయం ఇది. మనకు తెలివి తక్కువై కాదు, మనకు నేర్పిన పద్ధతి తక్కువై. ఒక మాట, ఒక గీత, ఒక అర్థం. గైడులో అదే, నోట్‌బుక్కులో అదే, పరీక్షలో అదే. మాట ఒంటరిగా బతకదు, పక్కనున్న మాటలతో కలిసి బతుకుతది. పిట్ట పక్కన ఉంటే ఎగురుతది, మాత్ర పక్కన ఉంటే గొంతులో దిగుతది. ఇది చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు మనకు పదేళ్ళ చదువులో దొరకలేదు.

ఇంటి భాష నుంచి మొదలుపెట్టి పైభాషకు పోవడం కొత్త ఆలోచన కూడా కాదు. 1940లలో హైమండార్ఫ్ ఆదిలాబాద్ గోండు పిల్లల కోసం మార్లవాయిలో బడిపంతుళ్ళకు శిక్షణ పెట్టించినప్పుడు మొదటి వాచకాలు గోండిలోనే తయారుచేయించాడు. నిజాం రాజ్యంలో అప్పుడే సాధ్యమైంది ఇప్పుడు ఎందుకు కాదు?

కొందరు అన్నలు "ఇంగ్లిష్ మనది కాదు, వదిలేయండి" అంటారు. వాళ్ళ కోపం మాకు అర్థమవుతది. కాని మందు డబ్బా మీద ఉన్నది, భూమి కేసు తీర్పులో ఉన్నది, ఉద్యోగం నోటిఫికేషన్‌లో ఉన్నది ఆ భాషే. వదిలేస్తే నష్టం మనకే. ఇంకొందరు "అర్థం గాకున్నా బట్టీ కొట్టు, పాసైతవ్" అంటారు. బట్టీ కొట్టే మావాడు స్వాలో అంటే పిట్ట అని నేర్చుకున్నాడు. ఈ ఇద్దరి మధ్య మనం కక్కలేక మింగలేక ఉన్నాం.

మా రూంలో ఇప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాం. రోజుకు ఒక్క మాట. అర్థం కాదు, వాక్యాలు రాస్తాం, కనీసం మూడు. పక్కన గోండి, కోయ, లంబాడీల్లో ఏమంటారో రాస్తాం. ఇంగ్లిష్‌లో "ఒక్క స్వాలోతో ఎండాకాలం రాదు" అని సామెత ఉంది. ఒక్క పిట్ట కనబడ్డంత మాత్రాన కాలం మారినట్టు కాదని. మాలో ఒకడు దాన్ని "ఒక్క గుటకతో ఎండాకాలం గడవదు" అని రాశాడు. పరీక్షలో అయితే సున్నా. మేం మాత్రం కొట్టేయలేదు, పక్కన సరైన అర్థం రాసి ఉంచాం. నీళ్ళ కోసం మైళ్ళు నడిచిన ఇంటివాడికి ఆ సామెత అట్లా వినబడడంలో వింతేముంది?

గ్రూపులో ఉన్న అన్నలను, అక్కలను మూడు అడుగుతున్నాం. ఒకటి, డిగ్రీ దాటినవాళ్ళు మీరు తప్పుగా అర్థం చేసుకున్న ఒక్క ఇంగ్లిష్ మాటను సిగ్గుపడకుండా కింద రాయండి. తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ధైర్యం వస్తది. రెండు, గుజరాతీలో "లీలో" అంటే ఆకుపచ్చ, అది సంస్కృత "నీల" నుంచే వచ్చింది. మరి మీ తండాలో, మీ గూడెంలో నీలానికి, ఆకుపచ్చకు వేరు మాటలున్నాయా, ఒకటేనా? ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయండి. మూడు, మందు ఎట్లా వాడాలో మన భాషలో చెప్పమని అడగండి. చెప్పేదాకా కిటికీ దగ్గర నుంచి కదలొద్దు. అది బతిమాలడం కాదు, హక్కు.

మావాడు ఇప్పుడు బాగున్నాడు. పరికరం జేబులోనే ఉంటది. మొన్న కరెంటు తీగల మీద వరసగా కూర్చున్న చీలిక తోక పిట్టలను చూపించి, "అగో, స్వాలోలు. మింగకుండ్రి" అన్నాడు. అందరం నవ్వాం. ఈసారి వాడే ముందు నవ్వాడు.

జోహార్.