నక్షత్రం మసకబారిందా, మన లెక్కే ఊగిందా?

ఆరుద్ర కార్తె పేరు వినే ఉంటారు. ఆ ఆర్ద్ర నక్షత్రమే ఇంగ్లిష్ వాళ్ల బెటెల్‌గ్యూజ్. చలికాలం రాత్రుళ్లు ఎర్రగా మెరిసే ఈ చుక్క 2019 చివర్లో మసకబారడం మొదలైంది. మామూలుగా 0.5 దగ్గర ఉండే దాని మాగ్నిట్యూడ్ 2020 ఫిబ్రవరికల్లా 1.6 దాకా వెళ్లింది. ఈ అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. అంటే వెలుగు దాదాపు మూడో వంతుకి పడిపోయింది. పేలిపోతుందేమోనని సోషల్ మీడియాలో ఒకటే గోల! తీరా చూస్తే, అది వదిలిన పదార్థమే ధూళిగా మారి అడ్డొచ్చిందని పరిశోధకులు తేల్చారు.

అంత పెద్ద మార్పు ఎవరికైనా తెలుస్తుంది. మరి నిన్న 0.6, ఇవాళ 0.7 వస్తే? మారింది చుక్కా, మన చూపా?

చూసే పద్ధతి తేలికే. ప్రోసియాన్ 0.4, రోహిణి 0.9. ఆ రెంటి మధ్య ఆర్ద్ర ఎక్కడుందో అంచనా కట్టాలి. ఒక్కసారి కాదు, కాస్త గ్యాప్ ఇచ్చి ఐదుసార్లు. 0.6, 0.7, 0.5, 0.7, 0.5 వచ్చాయనుకోండి. సగటు 0.6, స్టాండర్డ్ డీవియేషన్ 0.1. అంటే మీ ఒక్కో అంచనా మామూలుగానే 0.1 అటూ ఇటూ ఊగుతోంది. అలాంటప్పుడు నిన్నటికీ ఇవాళ్టికీ 0.1 తేడా వస్తే అది వార్త కాదు.

ఎక్కువసార్లు చూస్తే ఈ ఊగిసలాట సగటులో తగ్గుతుంది. కానీ ఒకే వైపు లాగే తప్పులు వందసార్లు చూసినా పోవు. ఎర్ర చుక్కని తదేకంగా చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువ వెలుగుతున్నట్టు అనిపిస్తుంది. అందుకే చటుక్కున చూసి చూపు తిప్పేయాలి. దిగంతం దగ్గరున్న చుక్క వెలుగుని గాలి ఎక్కువ మింగేస్తుంది. కాబట్టి పోల్చే చుక్కలు దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. అన్నిటికన్నా గడుసుది మన మనసు. నిన్నటి అంకె గుర్తుంటే ఇవాళా దాని దగ్గరకే లాగుతుంది. పాత నోట్స్ తెరవకుండా చూడండి.

ఫోన్‌తోనో కెమెరాతోనో కొలిచేవాళ్లకి ఇంకో చిట్కా. వెలుగు మారని ఇంకో చుక్కని కూడా అదే ఫొటోల్లో, అదే పద్ధతిలో కొలవండి. కోడ్ మార్చే ముందు పాతదాని స్పీడ్ పదిసార్లు కొలిచి పెట్టుకుంటాం కదా, అలాగన్నమాట. మారని చుక్క అంకెలు ఎంత ఊగితే, మీ కొలతలో కనీసం అంత తప్పు ఉన్నట్టే. ఫొటోలో చుక్క మధ్యభాగం పూర్తిగా తెల్లబడితే మాత్రం ఆ కొలత పక్కన పెట్టేయండి. అందులో వెలుగు లెక్క అప్పటికే పోయింది.

చివరగా, 0.6 అని రాసి ఊరుకోకండి. 0.6, అటూ ఇటూ 0.1 అని రాయండి. ఆ రెండో అంకె ఉంటేనే మీ కొలతని ఎంతవరకు నమ్మొచ్చో చదివేవాళ్లకి తెలుస్తుంది.