నీళ్ల కింద గట్టు: కలిదిండిలో పాత స్కెచ్చే దళితుడి సాక్షి

కలిదిండి మండలంలో ఏ రోడ్డెక్కినా రెండు పక్కలా చేపల చెరువులు, రొయ్యల చెరువులే. కోరుకొల్లు, తాడినాడ, పెదలంక ఎటు వెళ్లినా అంతే. చెరువు గిట్టుబాటు కావాలంటే పక్కపక్క అరెకరాలూ ఎకరాలూ కలిపి తవ్వాలి. అలా కలిపినప్పుడు ముందు పోయేది గట్టు. డి పట్టా మీద దళితులకు వచ్చిన భూమి ఇలా చెరువులో కలిస్తే, లీజు చాలాసార్లు నోటిమాటే. పదేళ్ల తర్వాత "నీ భూమి ఎక్కడ?" అని అడిగితే చూపించడానికి నీళ్లే మిగులుతాయి.

ఆ గట్టు ఇంకా బతికి ఉండే చోటు సర్వే శాఖ దగ్గరున్న ఎఫ్ఎంబీ. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి వచ్చిన పద్ధతి అది. 66 అడుగుల గొలుసు, అందులో 100 లింకులు. పొలానికి అడ్డంగా ఒక గీత, దాని నుంచి ప్రతి మలుపుకూ కొలత, చేత్తో గీసిన స్కెచ్. పట్టా ఇచ్చినప్పుడు సబ్‌డివిజన్ చేసి ఉంటే దళితుడి అరెకరం కూడా అందులో ఒక గీతగా ఉంటుంది.

ఇప్పుడు ఆ స్కెచ్ స్థానంలోకి కొత్త పటం వస్తోంది. 2020 డిసెంబర్‌లో రాష్ట్రంలో రీసర్వే మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి, పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. 2024లో ప్రభుత్వం మారింది, భూ హక్కు చట్టం రద్దయింది. రీసర్వే మాత్రం పూర్తిగా ఆగిపోలేదు. పలువురి భూమిని ఒకే నంబరు కింద చూపిన జాయింట్ ఎల్‌పీఎంల మీద రాష్ట్రమంతటా రైతులు ఫిర్యాదులు చేశారు. వరి పొలంలో అది తలనొప్పి. చెరువుల నాడులో అంతకంటే పెద్ద ప్రమాదం. డ్రోన్‌కు కనిపించేది చుట్టూ ఉన్న పెద్ద గట్టూ, మధ్యలో నీళ్లూ మాత్రమే. చెరువు ఎవరి చేతిలో ఉంటే పటం వారివైపు మొగ్గే అవకాశం ఎక్కువ.

పాత స్కెచ్‌లను కంప్యూటర్‌తో చదివిస్తే సరిపోదా? 2008లో మొదలైన కేంద్ర పథకం కింద దేశమంతా పటాల స్కానింగ్, డిజిటలీకరణ నడుస్తూనే ఉంది. కానీ చేతి గీతను యంత్రం ఎలా పోల్చుకుంటుందో తెలుసుకోవాలి. 2012లో ఐట్జ్, హేస్, అలెక్సా అనే పరిశోధకులు ఇంటర్నెట్‌లో మామూలు జనం చేత 250 రకాల వస్తువులకు 20,000 బొమ్మలు గీయించారు. వాటిని మనుషులు 73 శాతం సరిగ్గా గుర్తుపడితే, కంప్యూటర్ 56 శాతమే గుర్తుపట్టింది. 2016లో గూగుల్ ఒక ఆట పెట్టి కోట్ల బొమ్మలు పోగేసింది. యంత్రాల చూపు ఆ తర్వాత బాగా మెరుగుపడింది. అయినా సూత్రం మారలేదు. జనం గీసి, జనం పేరు పెట్టి నేర్పిందే యంత్రానికి తెలుసు.

భూమి పటం విషయంలో నేర్పేదెవరు? కాగితం మడత హద్దులా కనిపించవచ్చు. చెదలు తిన్న చోట నిజమైన హద్దే మాయం కావచ్చు. అప్పుడు "ఇది మడత, ఇది మా గట్టు" అని చెప్పేవాళ్లు కావాలి. అక్కడ సర్వేయరూ, రెవెన్యూ ఉద్యోగీ, చెరువు నడిపే ఆసామీ మాత్రమే ఉంటే యంత్రం వాళ్ల మాటే నేర్చుకుంటుంది.

దళితుడు ముందుకు రాకపోవడానికి కారణముంది. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమిని లీజుకివ్వడం కూడా బదిలీ కిందికే వస్తుంది. నోరు విప్పితే పట్టా పోతుందేమోనని భయం. అసైన్డ్ భూములు పేదల చేతుల్లోంచి జారిపోతున్న తీరును కోనేరు రంగారావు కమిటీ 2006లోనే ప్రభుత్వం ముందు పెట్టింది. 20 ఏళ్లు దాటిన అసైన్డ్ సాగుభూమిని అమ్ముకునే హక్కు ఇస్తూ 2023లో చట్టాన్ని సవరించారు. అంటే నీళ్ల కింది ఆ గీతకు ఇప్పుడు మార్కెట్ ధర కూడా వచ్చింది. గీత చెరిగిపోతే ఎవరికి లాభమో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే మూడు పనులు జరగాలి. ఎల్‌పీఎం ఖరారు చేసే ముందు పాత ఎఫ్ఎంబీ గీతలను డ్రోన్ చిత్రం మీద పరిచి దళితవాడలోనే, కూలి పని ముగిశాక, అందరికీ చూపించాలి. చెరువులో కలిసిన ప్రతి సబ్‌డివిజన్‌కూ విడి ఎల్‌పీఎం ఇవ్వాలి. సబ్‌డివిజన్ కాని డి పట్టాలకు, పట్టాలోని నాలుగు హద్దులను బట్టి ముందు కొలత వేయాలి. లీజు సంగతి చెప్పినందుకు అసలు పట్టాదారు భూమి పోదని ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి.

అప్పటిదాకా మనం చేయగలిగింది ఒకటుంది. డి పట్టా, అడంగల్‌తో పాటు ఎఫ్ఎంబీ స్కెచ్‌కు ధ్రువీకరించిన నకలు ఇప్పుడే తీసుకుని ఇంట్లో పెట్టుకోవాలి. చెరువు ఎండినా, ఎండకపోయినా, రేపు కోర్టులో మన గట్టు ఎక్కడుందో చెప్పేది ఆ కాగితమే.