రామదాసు ఖైదు, తానీషా రసీదు

మా చిన్నోడు ఆరో తరగతి. పోయిన శ్రీరామనవమికి ముందు వాళ్ళ స్కూల్లో భక్త రామదాసు నాటకం వేయించాలనుకున్నారు. మావాడికి తానీషా వేషం ఇచ్చారు. క్లాసులో ముస్లిం పిల్లోడు వాడొక్కడే. టీచరమ్మ మనసులో ఏమీ పెట్టుకోకుండానే ఇచ్చి ఉంటుంది. కానీ వాడు ఇంటికొచ్చి బ్యాగు దించకుండానే అడిగిన సవాల్‌కు నా దగ్గర జవాబు లేకపోయింది.

"అబ్బా, రామదాసును మనమే కొట్టించామా?"

ఆ రాత్రే మా ఖాలూ ఫోన్ చేశారు. "రాముడి నాటకంలో మన పిల్లోడికేం పని? రేపు వాడి ఈమాన్ ఏం కావాలి?" అని కోపం చేశారు. ఒకవైపు 'మనమే కొట్టించామా' అనే పిల్లవాడి భయం, ఇంకోవైపు 'మనకెందుకు' అనే పెద్దాయన గుస్సా. రెండింటికీ కారణం ఒకటే. రామదాసు మనకు తెలియదు. తెలుసుకునే కోషిష్ కూడా మనం చేయలేదు.

నా సంగతే చెప్తాను. నేను ఉర్దూ మీడియంలో చదివాను. పదో తరగతి దాకా నాకు రామదాసు అంటే గోల్కొండ ఖిల్లాలో చూపించే ఒక చీకటి కొట్టు, గోడ మీద ఆయన చెక్కాడని చెప్పే బొమ్మలు, అంతే. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక ఆయన దాశరథీ శతకం, కీర్తనలు చేతికొచ్చాయి. చదువుతుంటే తమాషా అనిపించింది. ఈయన కథ నడిచే లఫ్జులు సగం మా ఇంటివే. తహశీలు, ఖజానా, వసూలు, జమ, బాకీ, ఖైదు, రసీదు. ఈ లఫ్జులు తీసేస్తే రామదాసు కథ చెప్పడమే కుదరదు.

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. ఊరు ఖమ్మం దగ్గరి నేలకొండపల్లి. 17వ శతాబ్దపు మనిషి. గోల్కొండ సుల్తాన్ అబుల్ హసన్ తానీషా కొలువులో పెత్తనం చేసిన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలని చెప్తారు. ఆ చుట్టరికంతోనే తహశీల్దారు నౌకరీ దొరికిందంటారు. శిస్తు వసూలు చేసి ఖజానాకు పంపడం ఆయన పని. గోదావరి ఒడ్డున భద్రాచలం ఆయన ఇలాఖాలోదే. అక్కడ పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ పందిరి వేసి రాముణ్ణి కొలుచుకునేదని స్థలపురాణం. ఆ మూర్తులకు గుడి కట్టాలని గోపన్నకు తపన పుట్టింది. చందాలు పోగుచేశాడు, చాలలేదు. చేతిలో ఉన్న శిస్తు సొమ్ము గుడికీ నగలకూ పెట్టేశాడు. ఆరు లక్షలని కథ చెప్తుంది. ఖజానాకు జమ కాలేదు. దానికి సజా, గోల్కొండలో పన్నెండేళ్ళ ఖైదు.

ఇక్కడ మన వాళ్ళలో కొందరు తానీషాకు వకాల్తా పుచ్చుకుంటారు. "సర్కారీ సొమ్ము తిన్నాడు, జైల్లో వేశాడు, తప్పేముంది?" అంటారు. అటువైపు కొందరు "తురక రాజు హిందూ భక్తుణ్ణి హింసించాడు" అంటారు. రెండూ సగం మాటలే.

మొదటి మాట తీసుకుందాం. గోపన్న తినలేదు. ఒక్క వరహా తన ఇంటికి తీసుకెళ్ళాడని ఏ కథా చెప్పదు. నియ్యత్ పాక్‌గా ఉంది. కానీ ఆ సొమ్ము రైతు చెమట. తహశీల్దారు చేతిలో అది అమానత్. మంచి పనికే పెట్టినా, అడగకుండా పెడితే అమానత్ అమానత్‌గా ఉండదు. అయితే, తప్పు చేశాడు కదా అని పన్నెండేళ్ళు చీకట్లో పెట్టి కొట్టించడం ఇన్సాఫ్ అవుతుందా? కాదు, అది జుల్మ్. చేసింది మన పేరున్న బాద్‌షా అయినంత మాత్రాన జుల్మ్ ఇంకొకటి అయిపోదు. పిల్లల ముందు ఈ మాట ఒప్పుకోవడానికి మనం సిగ్గుపడనక్కర్లేదు.

ఇక రెండో మాట. ఆ రోజుల్లో గోల్కొండ హుకూమత్ చక్రం తిప్పింది మాదన్న. గోపన్న ఖైదును హిందూ ముస్లిం లడాయిగా చెప్పేవాళ్ళు ఆ మేనమామను ఎక్కడ కూర్చోబెడతారు? అది సర్కారుకూ నౌకరుకూ మధ్య బాకీ తగాదా. దానికి మజహబ్ రంగు మనం తర్వాత పూసుకున్నాం.

రామదాసు మాత్రం ఆ రంగు పూయలేదు. ఖైదులో ఆయన షిక్వా రాముడి మీదే. షిక్వా అంటే మనకు ఇక్బాల్ యాదికొస్తాడు. ఆయనకు రెండు వందల ఏళ్ళ ముందే ఒక తెలుగువాడు చీకటి కొట్టులో కూర్చుని తన దేవుడితో తగువు పెట్టుకున్నాడు. ఒక కీర్తనలో పద్దు పుస్తకం తెరిచినట్టు సీతమ్మ నగ, లక్ష్మణుడి నగ, భరతుడి నగ లెక్క అప్పజెప్తాడు. ఎంత ఖర్చయిందో చెప్పి, ఎవరు పెట్టారో గుర్తుందా అని నిలదీస్తాడు. నోరు జారిందనిపించి ఆ వెంటనే మాఫీ అడుగుతాడు. ఇంకో కీర్తనలో, నువ్వైనా ఒక మాట చెప్పమ్మా అని సీతమ్మ దగ్గర సిఫారిష్‌కు పోతాడు. తహజ్జుద్ వేళ ముసల్లా మీద ఏడ్చినవాళ్ళకు ఈ తీరు కొత్త కాదు. ఆయన అఖీదా వేరు, మనది వేరు. దెబ్బ తిన్న మనిషి దుఆ మాత్రం ఏ జుబాన్‌లో ఉన్నా అర్థమవుతుంది.

కథ ముగింపు అందరికీ తెలిసిందే. రాముడూ లక్ష్మణుడూ రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పుకుని రాత్రివేళ తానీషా దగ్గరకొచ్చి, బాకీ మొత్తం కట్టి, రసీదు తీసుకున్నారని చెప్తారు. నమ్మడం, నమ్మకపోవడం ఎవరి అఖీదా వాళ్ళది. కానీ ఈ కథ అల్లిన జనం ఎంత అక్లమందులో చూడండి. వాళ్ళ దేవుడు జైలు తలుపు పగలగొట్టలేదు. సుల్తాన్ తల తీయలేదు. బాకీ తీర్చాడు. రసీదు అడిగి మరీ తీసుకున్నాడు. భక్తుడి మొహబ్బత్ ఎంత గొప్పదైనా ఖజానా హక్కు ఖజానాదే అని ఆ కథ ఒప్పుకుంది. అల్లాహ్ దారిలో జాన్ ఇచ్చిన షహీద్‌కు కూడా కర్జ్ మాత్రం మాఫ్ కాదని హదీసుల్లో చదువుకున్న మనకు ఈ మాట పరాయిదా?

ఆ తర్వాత తానీషా రామదాసును విడిచిపెట్టి, రాములవారి కళ్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపడం మొదలుపెట్టాడని చెప్తారు. ఈనాటికీ సర్కారు తరఫున ఆ ముత్యాలు భద్రాచలం వెళ్తూనే ఉన్నాయి.

తానీషా ఆఖరి కథ మనలో చాలామందికి తెలియదు. ఆయన సూఫీ షా రాజూ మురీద్. 1686లో అక్కన్న మాదన్నలను గోల్కొండలోనే చంపేశారు. 1687లో ఔరంగజేబు కోటను పట్టుకుని తానీషాను దౌలతాబాద్ కోటలో బంధించాడు. దాదాపు పన్నెండేళ్ళు అక్కడే ఉండి, ఖైదులోనే ఇంతెఖాల్ అయ్యాడు. ముస్లిం బాద్‌షాను ఖైదు చేసింది ముస్లిం బాద్‌షానే. తఖ్త్ మీద కూర్చున్నవాడికి ఖజానా, ఖిల్లా కనిపిస్తాయి, కలిమా కాదు. కాబట్టి బేటా, రామదాసును కొట్టించింది 'మనం' కాదు. ఒక హుకూమత్.

ఇంకో సంగతి. రామదాసుకు రామమంత్రం చెప్పింది కబీరుదాసు అని హరికథల్లో, సినిమాల్లో వస్తుంది. లెక్క చూస్తే కుదరదు. కబీర్ 15వ శతాబ్దంవాడు. అయినా మన తెలుగు జనం ఆ జులాహా ఫకీరును కాశీ నుంచి తెచ్చి భద్రాద్రి కథలో నిలబెట్టారు. తారీఖ్ ప్రకారం తప్పే. కానీ ఖైదు చేసిన రాజు ముస్లిం అయితే, దారి చూపిన గురువూ ముస్లిం ఇంట పెరిగినవాడే అని చెప్పాలని వాళ్ళకు అనిపించింది. ఆ దిల్‌ను కూడా మన పిల్లలకు చూపించాలి.

మా ఖాలూతో నేనన్నది ఇంతే. తెలుసుకోవడం ఇబాదత్ కాదు. పూజలో కూర్చోమని ఎవరూ అనలేదు, కూర్చోం కూడా. కానీ ఇతరులు కొలిచేవాళ్ళను దూషించొద్దని ఖుర్ఆన్ మనకు నేర్పింది. ఏమీ తెలియకుండా అదబ్ ఎలా వస్తుంది?

మరునాడు స్కూలుకు వెళ్ళాను. వేషం మార్చమని అడగలేదు. నాటకాన్ని జైలు దగ్గర ఆపకుండా రసీదు, ముత్యాలు కూడా పెట్టమని అడిగాను. వేషాలు పేర్లు చూసి కాకుండా చీటీలు వేసి ఇస్తే బాగుంటుందని కూడా అన్నాను. టీచరమ్మ కాసేపు ఆలోచించి సరేనంది. చీటీలో తానీషా ఇంకో అబ్బాయికి పడ్డాడు. మావాడికి రామోజీ పక్కన లక్ష్మోజీ వచ్చింది. ఖాలూ ఇంకా నాతో పూర్తిగా రాజీ పడలేదు.

మావాడు మాత్రం వారం రోజులు ఇంట్లో ఒకే డైలాగు ప్రాక్టీసు చేశాడు: "బాకీ తీర్చాం, రసీదు ఇవ్వండి జనాబ్!"