వేదిక మీద ఇద్దరే ఉండనివ్వండి

పోస్టు కాస్త పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

ఉగాది సభకు ఈసారి ఇద్దరు వ్యాఖ్యాతలు వద్దు, ఒక్కరు చాలు అన్న మాట మనలో నడుస్తోంది. ఇద్దరుంటే ఒకరి మాటకు ఒకరు అడ్డం పడతారట. ఒకరు పుస్తకాల తెలుగు, ఇంకొకరు కన్నడం కలిసిన ఇంటి తెలుగు మాట్లాడితే సభకు మర్యాదగా ఉండదట. నేను దీనికి ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే మిమ్మల్ని అమెరికా రెజ్లింగ్ కామెంటరీ బల్ల దగ్గరికి తీసుకెళ్లాలి. కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో బడి నుంచి రాగానే ఆ కుస్తీలు చూసినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నవ్వకండి.

అక్కడ గెలుపోటములు ముందే అనుకున్నవని అందరికీ తెలుసు. అయినా జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. అందులో సగం పని బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరిదే. ఒకరు రింగులో జరుగుతున్నది జరుగుతున్నట్టు చెబుతారు. రెండోవారు చాలాసార్లు విలన్ పక్షం. విలన్ రెఫరీ కంట్లో దుమ్ము కొట్టి దొంగదెబ్బ తీసినా, "అదెక్కడి మోసం? తెలివి" అని వాదిస్తారు. చూసేవాడికి ఒళ్లు మండుతుంది, నవ్వూ వస్తుంది. ఇద్దరూ కలిసి విలన్‌ను తిడితే వాదన ఉండదు. ఇద్దరూ కలిసి పొగిడితే అది ప్రకటనలా ఉంటుంది.

గొరిల్లా మాన్సూన్, బాబీ హీనన్ జోడీని చూడండి. మాన్సూన్ ఒకప్పుడు భారీ మల్లయోధుడు, తర్వాత పెద్దమనిషి గొంతుతో కామెంటరీ చెప్పేవాడు. హీనన్ విలన్ల మేనేజరు, నోరు తెరిస్తే వెటకారం. 1992 రాయల్ రంబుల్‌లో 30 మంది ఒకరి తర్వాత ఒకరు రింగులోకి వస్తారు, చివరికి మిగిలినవాడికి ఛాంపియన్ బెల్టు. హీనన్ వెనకేసుకొచ్చే రిక్ ఫ్లేర్‌కు 3వ నంబరు వచ్చింది. అంటే దాదాపు మొదటి నుంచీ నిలబడాలి. అప్పటి నుంచి గంటసేపు హీనన్ గింజుకుంటూనే ఉన్నాడు, మాన్సూన్ ఏడిపిస్తూనే ఉన్నాడు. చివరికి ఫ్లేర్ గెలిచాడు. ఆ పోటీ గొప్పదని ఇప్పటికీ చెప్పుకునేవాళ్లు హీనన్ గోల గురించి కూడా చెబుతారు. మాన్సూన్ ఆ వెటకారానికి చోటివ్వకపోతే ఆ గోలకు విలువే లేదు.

1993 చివర్లో హీనన్ ఆ కంపెనీ వదిలినప్పుడు, మాన్సూన్ అతన్ని బయటికి గెంటేసినట్టు టీవీలో చూపించారు. అదీ నాటకంలో భాగమే. 1999లో మాన్సూన్ చనిపోయే నాటికి హీనన్ పోటీ కంపెనీలో ఉన్నాడు. అయినా ఆ కంపెనీ కార్యక్రమంలోనే పాత మిత్రుడికి నివాళి చెప్పాడు. 2004లో హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం అందుకున్నప్పుడు తన ప్రసంగాన్ని, మాన్సూన్ ఇక్కడ ఉంటే బాగుండేదన్న మాటతోనే ముగించాడు.

జోడీ చెడిపోవడమూ ఉంది. 2011లో మైకేల్ కోల్, జెర్రీ లాలర్ మధ్య గొడవను నెలల తరబడి లాగారు. రెసిల్‌మేనియాలో ఆ ఇద్దరికే కుస్తీ పెట్టారు. నా దృష్టిలో అది అతి. వ్యాఖ్యాతల తగాదాయే కార్యక్రమం అయిపోతే రింగులో ఉన్నవాళ్లను ఎవరు చూస్తారు?

కానీ 2012 సెప్టెంబరు 10న మాంట్రియల్‌లో, ప్రత్యక్ష ప్రసారం నడుస్తుండగా, 62 ఏళ్ల లాలర్ గుండెపోటుతో ఆ బల్ల దగ్గరే కుప్పకూలాడు. పక్కన ఉన్నది కోలే. ఇది నాటకం కాదని గొంతు అదుపులో పెట్టుకుని జనానికి చెప్పాడు. ఆ తర్వాతి పోటీలకు కామెంటరీ ఆపేశారు, మధ్యమధ్య లాలర్ పరిస్థితి మాత్రం కోల్ చెబుతూ వచ్చాడు. లాలర్ బతికాడు, నవంబరులో తిరిగి వచ్చాడు. ఏడాది ముందు టీవీలో బద్ధశత్రువుగా కనిపించినవాడి గొంతే ఆ రాత్రి అందరికీ ధైర్యమైంది.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఎందుకు? ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు వీరావేశంలో ఉండగా హాస్యగాడు అడ్డం పడి ప్రశ్న వేస్తాడు. కథ ఆగదు, ఇంకా రక్తి కడుతుంది. ఆ కథకుణ్ణి ఒంటరిగా నిలబెడితే రాత్రంతా ఎవరు కూర్చుంటారు?

అందుకే అంటున్నాను, ఇద్దరినీ ఉంచండి. పుస్తకాల తెలుగు వచ్చినవారు ఒకరు, మన వీధి తెలుగు మాట్లాడేవారు ఒకరు. తరతరాలుగా ఇక్కడున్న మన ఇళ్లలో పిల్లలకు వచ్చింది ఆ రెండో తెలుగే. దాన్ని వేదిక దింపేస్తే పిల్లలు కూడా దిగిపోతారు.

షరతులు పెట్టుకుందాం. ముందు నాలుగు రోజులైనా ఇద్దరూ కలిసి సాధన చేయాలి. మాట మీద వెటకారం ఆడొచ్చు, యాస మీద ఆడకూడదు. పిల్లల పాట, నాటకం మొదలయ్యాక ఇద్దరూ నోరు మూయాలి. ఒకరు తడబడితే రెండోవారు అందుకోవాలి.

కార్యవర్గ సమావేశంలో నా ఓటు ఇద్దరికే. మీరేమంటారో కింద రాయండి. నాతో పోట్లాడినా సరే.