నడిసంద్రంలో డీజిల్ పోసే ఓడ

మా గల్లీలో బీడీలు చుట్టే చెల్లె ఒకామె ఉంది. కొడుకు నేవీలో చేరి మూడేళ్ళు దాటింది. ఈమధ్య వాణ్ణి ట్యాంకర్ ఓడ మీద వేశారు. పోయిన నెల పత్రిక ఇయ్యడానికి పోతే, ఒళ్ళోని చాట పక్కన పెట్టి మొదలుపెట్టింది.

"అన్నా, మావోడు ఫోటో పంపిండు. ఓడ మస్తు పెద్దగున్నది గని ఫిరంగులేం కనవడ్తలేవు. పిల్ల తరపోళ్ళు వచ్చి, గంతే సముద్రంల పెట్రోల్ పంపన్నట్టు అని నవ్విన్రు. నిజంగ గంతేనా? నువ్వు పేపర్ల రాస్తవు గద, జర తెల్సుకొని చెప్పు."

నవ్వినవాళ్ళ మీద నాకేం కోపం లేదు. యుద్ధనౌక అంటే మనకు తెలిసింది సినిమాలో పేలే ఫిరంగి, ఎగిరే మిస్సైలు. వాటి వెనకాల ఎవరు ఏం మోసుకొస్తున్నారో సినిమావాళ్ళు చూపెట్టరు. ప్రతి నెలా ఈ పేజీలో పీఎఫ్ కాగితాలు, పెన్షన్ ఫారాలు అంటూ రాసి రాసి నాకూ విసుగొచ్చింది. ఈసారి ఆ ఓడ సంగతే చెప్తా.

పెట్రోల్ పంపు అన్న మాట పూర్తిగా తప్పేం కాదు. కాకపోతే పంపు కాడ పంపు కదలదు, బండి ఆగుతుంది. సముద్రంలో రెండూ ఆగవు. పక్కపక్కన పరుగెత్తుతూనే ఒకటి పోస్తుంది, ఇంకొకటి పోయించుకుంటుంది.

సాంచా తెలిసినవాళ్ళకు ఇంకో రకంగా చెప్పొచ్చు. సాదా సాంచా మీద నాడెలో కండె అయిపోతే ఏం చేస్తాం? సాంచా ఆపి, ఖాళీ కండె తీసి, నిండు కండె పెట్టి మళ్ళీ నడుపుతాం. మిల్లుకు ఆటోమేటిక్ సాంచాలు వచ్చిన కొత్తలో మేమంతా పని వదిలి చూసినం. నాడె అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటది, రెప్పపాటులో కొత్త కండె దిగుతుంది, ఖాళీది కింద పడుతుంది, గుడ్డ మాత్రం ఆగదు. ట్యాంకర్ ఓడ పని అదే. యుద్ధనౌక అనే సాంచా ఆగకుండా కండె మార్చడం.

రేవుకు పోయి పోసుకోరాదా అని మీరడగొచ్చు. లెక్క చూడండి. ముంబై నుంచి ఏడెన్ దాకా సముద్రం మీద సుమారు 3,000 కిలోమీటర్లు. ఓడ 15 నాట్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 28 కిలోమీటర్లు, రాత్రింబగళ్ళు నడిచినా ఒక వైపుకే నాలుగు రోజులకు పైన పడుతుంది. సముద్రపు దొంగల బెడద వల్ల 2008 అక్టోబర్ నుంచి ఆ ఏడెన్ దిక్కు మన నేవీ ఓడలు కాపలా తిరుగుతున్నాయి. కాపలావాడు డీజిల్ కోసం ఇంటికొచ్చి పోతే రాకపోకలకే తొమ్మిది రోజులు, అన్ని రోజులూ అక్కడ తలుపు తీసి పెట్టినట్టే. పైగా వేగం పెంచితే చమురు ఊరికే తాగదు. వేగం రెండింతలైతే గంటకు తాగే చమురు సుమారుగా ఎనిమిదింతలవుతుంది. దొంగ పడవ వెంట పడ్డ రోజున ట్యాంకు ఎంత తొందరగా ఖాళీ అవుతుందో ఆలోచించండి. యుద్ధనౌక ఎంత దూరం పోగలదో దాని ఇంజను ఒక్కటే చెప్పదు, వెనక వచ్చే ట్యాంకర్ కూడా చెప్తుంది.

ఇక పని ఎట్లా జరుగుతుందో చూద్దాం. నాకు ఎక్కువ నచ్చింది ఇదే.

ముందుగా ట్యాంకర్ ఒక దిక్కు, ఒక వేగం పట్టుకుంటుంది. మామూలుగా 12 నుంచి 14 నాట్లు. పట్టుకున్నాక ఇక మారకూడదు. యుద్ధనౌక వెనక నుంచి వచ్చి పక్కన చేరి, సరిగ్గా అదే వేగంలోకి దిగుతుంది. రెండింటి మధ్య నీళ్ళు 40, 50 మీటర్లు, అంతే. మన దీపక్ అనే ట్యాంకర్ పొడవే 175 మీటర్లు. అంత పెద్ద వస్తువులు రెండు, అంత దగ్గరగా, బ్రేకు లేకుండా నడవాలి. ఓడకు బ్రేకు ఉండదు గదా.

అప్పుడు ఒక ఓడ మీంచి తుపాకీలాంటి దానితో అవతలి ఓడ మీదికి సన్నటి దారం కాలుస్తారు. అవును, మొదట పోయేది దారమే. దారం కొసకు తాడు, ఆ తాడుకు ఇంకా లావు తాడు, చివరకు ఉక్కు తీగల మోకు. ఒకదాని వెనక ఒకటి లాక్కుంటారు. ఉక్కు మోకు రెండు ఓడల నడుమ బిగిశాక, దాని మీద చిన్న చక్రాల బండ్లకు వేలాడుతూ లావు రబ్బరు గొట్టం పోతుంది. గొట్టం కొసన ఉన్న ముక్కు అవతలి ఓడ మీది గంటలాంటి నోట్లో పోయి కూర్చుంటుంది. కూర్చున్నదని ఖాయమయ్యాకే పంపు తిప్పుతారు.

ఇక్కడ ఒక చిక్కుంది. అలలకు ఓడలు ఊగుతాయి, ఒకసారి దగ్గరవుతాయి, ఒకసారి దూరమవుతాయి. మోకు బిగువు మాత్రం ఒకేలా ఉండాలి. వదులైతే గొట్టం నీళ్ళలో పడుతుంది, ఎక్కువ బిగిస్తే మోకు తెగుతుంది. అందుకని ట్యాంకర్ మీది యంత్రం క్షణక్షణం కొంత వదులుతూ కొంత లాగుతూ ఉంటుంది. పడుగు బిగువు తప్పితే ఏమవుతుందో మనవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. కాకపోతే మన పోగు తెగితే ముడేస్తాం. అక్కడ ఉక్కు మోకు తెగితే కొరడాలా విసురుకొస్తుంది, అడ్డమున్న మనిషి దక్కడు. అందుకే ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎక్కడ అడుగు కూడా పెట్టకూడదో ముందే చెప్పి పెడతారు.

దూరం తప్పకుండా ఇంకో తాడు కడతారు. దానికి కొద్ది కొద్ది ఎడంతో రంగు జెండాలు ఉంటాయి. ఓడ నడిపించేవాళ్ళు ఆ జెండాలను చూసి మధ్య దూరం ఎంతో చెప్పేస్తారు. గాలి, ఇంజన్ల హోరులో మాట వినపడదు. అందుకని డెక్కు మీద ఒకతను ఎరుపు, పచ్చ, పసుపు రంగుల పలకలు చేత పట్టుకుని సైగ చేస్తాడు. ఇది చదివినప్పుడు నాకు మన నేత ఖాతా గుర్తొచ్చింది. అక్కడ మనం ఎన్నేళ్ళు మాట్లాడుకున్నాం? అంతా కళ్ళూ చేతులే గదా.

పక్కపక్కన పోయే ఓడల మధ్య నీళ్ళు ఇరుకై తొందరగా పారతాయి, ఆ గుంజుడుకు రెండు ఓడలూ ఒకదాని వైపు ఒకటి లాగబడతాయి. చుక్కాని పట్టినవాడు ఒక్క డిగ్రీ అటు ఇటు చేస్తూ గంటలకొద్దీ దాన్ని ఆపాలి. తుమ్ము వచ్చినా చెయ్యి కదలకూడదు. ఏదైనా తేడా వస్తే, శత్రువు కనపడ్డా, చుక్కాని పట్టు తప్పినా, వెంటనే గొట్టం విడిపించి తలా ఓ దిక్కు పోవాలి. విడిపించే టైము లేకపోతే తాళ్ళు నరకడానికి గొడ్డళ్ళు సిద్ధంగా పెట్టుకుంటారు. ఇంత సేపూ డీజిల్ పారుతున్న ఓడ మీద ఎర్ర జెండా ఎగురుతూ ఉంటుంది. దారిన పోయే ఓడలకు తెలిసేలా పగలైతే పైన గుండు, వజ్రం, గుండు ఆకారంలో మూడు నల్ల గుర్తులు, రాత్రయితే ఎరుపు, తెలుపు, ఎరుపు దీపాలు. "మేము తిరగలేం, మీరే తప్పుకోండి" అని దానర్థం. అవును, ఈ పని రాత్రి కూడా చేస్తారు.

దీపక్, శక్తి అనే మన ట్యాంకర్లు గంటకు 1,500 టన్నుల దాకా చమురు పంపగలవు. మన రోడ్ల మీద తిరిగే 20,000 లీటర్ల ట్యాంకర్ లారీలు దాదాపు 90 వరుసగా నిలబెట్టి గంటలో ఖాళీ చేసినట్టు. ఓడ నిండా తీసుకుంటే 15,500 టన్నుల ద్రవ సరుకు పడుతుంది. అందులో ఓడలకు డీజిల్, విమానాలకు చమురు, తాగడానికి మంచినీళ్ళు. ఇవి గాక బియ్యం, గోధుమపిండి, ఆలుగడ్డలు, మందులు, మిషను సామాన్లు, గుండ్లు. కొన్ని తీగ మీద పోతాయి, కొన్ని హెలికాప్టర్ కింద వలలో వేలాడుతూ పోతాయి. ఫిరంగులు లేవని చెల్లె బెంగపడింది గాని, దగ్గరికొచ్చినదాన్ని కొట్టే తుపాకులు ఈ ఓడల మీదా ఉంటాయి.

ఇట్లా నడుస్తూ పోసుకోవడం పాతకాలంలో లేదు. ఓడలు బొగ్గుతో నడిచిన రోజుల్లో ఎక్కడో ఒకచోట లంగరేసి, బస్తాలకు బస్తాలు మోయాల్సిందే. 1904లో రష్యా తన బాల్టిక్ నౌకాదళాన్ని జపాన్ మీదికి ప్రపంచం చుట్టూ తిప్పి పంపింది. దారంతా బొగ్గు గోలే. డెక్కుల మీద, గదుల్లో కూడా బొగ్గు నింపుకున్నారట. బాయిలర్ కాడ పనిచేసినవాళ్ళకు ఆ దుమ్ము ఎట్లుంటదో తెలుసు. అంత కష్టపడి పోయి 1905 మేలో త్సుషిమా దగ్గర మునిగిపోయారు.

బొగ్గు పోయి చమురు వచ్చాక 1917లో అమెరికా ట్యాంకర్ మౌమీ, అట్లాంటిక్ నడుమ యూరప్ యుద్ధానికి పోతున్న డెస్ట్రాయర్ ఓడలకు నడుస్తుండగానే చమురు పోసింది. ఆ ట్యాంకర్ మీద ఇంజన్ల పని చూసిన కుర్ర అధికారి పేరు చెస్టర్ నిమిట్జ్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పసిఫిక్ నౌకాదళం మొత్తానికి పెద్ద ఆయనే. పిల్ల తరపువాళ్ళు మళ్ళీ వస్తే ఈ పేరు చెప్పమని చెల్లెకు కాగితం మీద రాసిచ్చాను.

శత్రువు మాత్రం ఈ ఓడను చూసి ఎప్పుడూ నవ్వలేదు. 1942 మే 7న కోరల్ సముద్రంలో జపాన్ విమానాలు నియోషో అనే అమెరికా ట్యాంకర్‌ను, దానికి కాపలాగా ఉన్న సిమ్స్ అనే డెస్ట్రాయర్‌ను కొట్టాయి. ట్యాంకర్‌ను చూసి విమానాలు మోసే ఓడ అనుకున్నారు. సిమ్స్ మునిగింది. నియోషో కాలి, విరిగి, నాలుగు రోజులు అట్లా తేలుతూ ఉండింది.

మన సంగతికొస్తే 1971 డిసెంబర్ 4 రాత్రి కరాచీ మీద దాడి అందరికీ తెలుసు. నేవీ డే ఆ రోజే. నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు చిన్న మిస్సైల్ పడవలు పోయి కొట్టొచ్చాయి, తోడుగా కిల్టాన్, కచ్చల్ పోయాయి. ఆ చిన్న పడవలు సొంత చమురుతో ఎక్కువ దూరం పోలేవు. అందుకని ఆ దళంతో ఒక ట్యాంకర్ను కూడా పంపారు. దాని పేరు పోషక్. పేరులోనే ఉంది పని. నిపాత్, నిర్ఘాత్ పేర్లు పరీక్షల పుస్తకాల్లో ఉంటాయి, పోషక్ పేరు అడిగితే మాత్రం పది మందిలో ఒక్కరు కూడా చెప్పరు.

ఈ రోజుల్లో దేశాలు ఒకరి ఓడకు ఒకరు పోసుకుంటున్నాయి కూడా. 2016లో అమెరికాతో అట్లాంటి ఒప్పందం అయింది. 2020 సెప్టెంబర్‌లో అరేబియా సముద్రంలో మన తల్వార్ ఓడకు యూకాన్ అనే అమెరికా ట్యాంకర్ పోసింది. అరువు ఉప్పు లాంటిదే. ఉన్నప్పుడు మంచిదే గాని, దాన్ని నమ్ముకుని వంట మొదలుపెట్టలేం. సొంత ట్యాంకర్లు ఉండి తీరాలని నా మాట.

ఆ సొంత ట్యాంకర్ల సంగతిలోనే మన సోలాపూర్ వస్తుంది. దీపక్, శక్తి ఇటలీలో కట్టించినవి. 2011లో దీపక్ ముంబైలో, శక్తి విశాఖపట్నంలో నేవీలో చేరాయి. జ్యోతి రష్యాలో కట్టింది, ఆదిత్య కోల్‌కతాలో కట్టింది. ఇక ముందు రాబోయేవి ఐదు. వాటి ఒప్పందం 2023 ఆగస్టులో విశాఖలోని హిందుస్తాన్ షిప్‌యార్డ్‌కు దక్కింది. సుమారు 19,000 కోట్ల రూపాయల పని. ఒక్కో ఓడ 44,000 టన్నులు, దీపక్ కన్నా చాలా పెద్దది. మొదటి ఓడకు 2024 ఏప్రిల్‌లో ఉక్కు కోత మొదలైంది.

ఆ షిప్‌యార్డ్ పెట్టిందెవరో మన పిల్లల్ని అడగండి. వాల్‌చంద్ హీరాచంద్. 1882లో ఇక్కడే సోలాపూర్‌లో పుట్టిన మనిషి. మనూళ్ళో కాలేజీ మీద రోజూ చూసే పేరే. ఇంగ్లీషు కంపెనీలకు ఎదురు నిలిచి ఓడలు నడిపిన సింధియా కంపెనీ ఆయనదీ, ఆయన భాగస్వాములదీ. 1941 జూన్ 21న విశాఖలో షిప్‌యార్డ్‌కు రాజేంద్రప్రసాద్ చేత పునాదిరాయి వేయించారు. మరుసటి ఏడే జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అయినా పని వదల్లేదు. 1948 మార్చి 14న జలఉష అనే ఓడను నెహ్రూ నీళ్ళలోకి దింపారు. ఆ తర్వాత యార్డు ప్రభుత్వం చేతికి పోయింది, పేరు మారింది. విశాఖలో ఆ చోటును మాత్రం జనం ఇప్పటికీ సింధియా అనే అంటారు. సిటీ బస్సు బోర్డు మీద కూడా అదే ఉంటది.